గంజి చార

అమీర్‌పేట, హైదరాబాదు
అక్టోబరు 12

చి. భావనకు,

నువ్వు క్షేమంగా చేరావని మీ తవ్వకాల శిబిరం వాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ఈ సంగతి మీ అన్నయ్య నాకు చెప్పలేదు. ఫోను భోజనాల బల్ల మీద తెరిచి పెట్టి స్నానానికి వెళ్ళారు. ఎప్పుడూ జేబులో తప్ప బయట పెట్టని మనిషి అలా పెట్టారంటే నన్ను చదవమనే కదా. చదివాను.

మీ శిబిరంలో ఫోను పలకదని, వారానికోసారి జీపు ఊళ్ళోకి వెళ్తుందని, ఉత్తరం రాస్తే అందులో వస్తుందని నువ్వు చెప్పినప్పుడు నవ్వాను. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే బాగానే ఉంది. ఫోనులో అయితే అసలు మాట దగ్గరికి వచ్చేసరికి కుక్కరు కూత వేస్తుంది.

నువ్వెళ్ళిన మర్నాటి నుంచీ వాన. నిన్న సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో నీళ్ళు నిలిచిపోయాయట. మీ అన్నయ్య ఆఫీసు నుంచి ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చారు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. కింద బస్సులు సగం మునిగి ఊగుతున్నాయి. పైన మెట్రో మాత్రం దీపాలన్నీ వెలిగించుకుని చప్పుడు లేకుండా జారిపోయింది. ఒక్క నిమిషం మన అమీర్‌పేట ఏదో రేవులా అనిపించింది. నువ్వు చెప్పిన రేవు గుర్తొచ్చింది.

ఆ రోజు హాల్లో ఆయన అన్న మాట నీ మనసులో ఉందని తెలుసు. “మట్టిపెంకులు కడగడానికి సముద్రాలు దాటి వెళ్ళాలా? అక్కడ నీకు ఎవరున్నారు? మనిషికి ఇల్లంటూ ఒకటి ఉండాలి” అన్నారు. నువ్వు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ “నేనున్నాను కదా అన్నయ్యా” అన్నావు. ఆయనకు ఆ జవాబు అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు. అత్తయ్య, మామయ్య పోయాక నిన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని బడికి దింపిన మనిషి. నీకు నలభై మూడేళ్ళు వచ్చినా ఆయన కళ్ళకు నువ్వింకా ఆ స్కూటరు ముందే నిలబడి ఉన్నావు. నీతో మాట్లాడనని పంతం పట్టారు గానీ, నీ గదికి తాళం వెయ్యనివ్వలేదు.

అక్కడ నువ్వు చేసే పనేమిటో నాకు వరసగా రాయి. ఏం తింటున్నావో అది ముందు రాయి.

మీ వదిన
జానకీదేవి


ఎర్రసముద్రం ఒడ్డు, ఈజిప్టు
నవంబరు 3

వదినా,

నీ ఉత్తరం జీపులో టొమాటోల బుట్ట అడుగున వచ్చింది. ఒక మూల ఎర్రబడింది. మూడుసార్లు చదివాను.

ముందు తిండి: రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు, ఉల్లిపాయ, మళ్ళీ రొట్టె. అన్నం లేదు. ఇంక పని.

రెండువేల ఏళ్ళ కింద ఈ ఈజిప్టు రోమన్ల పాలనలో ఒక రాష్ట్రం. మా శిబిరం ఉన్నచోట అప్పుడొక రేవు ఉండేది. మన తీరాల నుంచి ఓడలు ఇక్కడికి వచ్చేవి. మిరియాలు, పూసలు, నూలుబట్టలు దించేవారు. ఇప్పుడు సముద్రం వెనక్కి జరిగిపోయింది. రేవంతా ఇసుక. పొద్దున లేచేసరికి నీళ్ళెక్కడో, ఆకాశమెక్కడో తెలియదు, అంతా ఒకే పాలరంగు. గాలి ఆగదు. రాత్రి గుడారం గుడ్డ తెరచాపలా పొంగుతుంటే పడుకున్నచోటే ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది.

నా బల్ల మీదికి పొద్దుటే పెంకులు వస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఏది ఏ దేశపు మట్టో విడదీసి బొమ్మ గీస్తాను. ఇటలీ ద్రాక్షసారా జాడీలు, స్పెయిన్ నుంచి వచ్చిన నూనె జాడీల ముక్కలు, అద్దంలా మెరిసే ఎర్ర పళ్ళేలు. రోమన్లు ఏలిన రాష్ట్రాలన్నీ నా బల్ల మీద పక్కపక్కనే పడుంటాయి. వాటి మధ్యలో ఒకరోజు నల్లటి వంటకుండ పెంకు వచ్చింది. విరిగిన అంచు చూశాను. మట్టిలో ఊక. వరి ఊక కలిపి పిసికిన మట్టి వదినా. ఇక్కడివాళ్ళు అలా కలపరు. అది మన వైపు నుంచి వచ్చిన కుండ. దాన్ని విడిగా తీసి, ముందు దాని బొమ్మే గీశాను.

ఇంకో చిత్రం చెప్పనా. ఇక్కడి మామూలు జనం ఉత్తరాలకు కాగితం వెతుక్కునేవారు కాదు. పగిలిన కుండపెంకు తీసుకుని దాని మీదే సిరాతో రాసి పంపేవారు. కూరలు పంపాను అందాయా, ఖాళీ జాడీ తిరిగి పంపు, ఒంట్లో ఎలా ఉంది అని. గొప్ప సంగతులేవీ ఉండవు. అరచేతిలో ఇమిడే పెంకు, అది నిండితే ఉత్తరం అయిపోయినట్టే.

ఆ నల్లకుండ బొమ్మ ఇందులో పెట్టాను. భుజం మీద మసిలోంచి పైనుంచి కిందికి లేత రంగు చార ఒకటి దిగింది చూడు. ఏమిటో ఇక్కడ ఎవరికీ తెలియదు. నీకేమైనా తోస్తుందా?

అన్నయ్య బాగున్నారా? అడిగానని చెప్పకు. అడగలేదని కూడా చెప్పకు.

భావన


అమీర్‌పేట
నవంబరు 24

చి. భావనకు,

బొమ్మ చూడగానే నవ్వొచ్చింది. అది గంజి వార్చిన చార. నువ్వు పుట్టేసరికే మన ఇంట్లో కుక్కరు వచ్చింది, అందుకే నీకు తెలియదు. మా పుట్టింట్లో కుండలోనే వండేవారు. అన్నం ఉడికాక మూత పెట్టి, మసిగుడ్డతో అంచు పట్టుకుని, పళ్ళెంలోకి వంచుతాం. చివర్న కాస్త గంజి అంచు దాటి బయట కారుతుంది. కారినచోట మసి సరిగ్గా పట్టదు. రోజూ ఒకవైపే వంచుతాం కాబట్టి రోజూ అక్కడే కారుతుంది.

ఇంత రాశాక అనుమానం వచ్చింది. చిన్నప్పుడు చూసింది చూసినట్టే గుర్తుందా, నేను కల్పించుకుంటున్నానా? రూఢి చేసుకోకుండా నీకు పంపడం నాకు నచ్చలేదు. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర కుండ కొన్నాను. గ్యాసు మీద మసి పట్టదు కనుక టెర్రస్ మీద ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టాను. రోజూ మధ్యాహ్నం అందులోనే అన్నం. మసి ఎలా పెరుగుతుందో వారానికోసారి ఫొటో తీసి వరసగా పెడుతున్నాను.

మొదటి రోజు పొగ చూసి వాచ్‌మన్ ఐలయ్య పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, గిదేంది? అసోసియేషనోళ్ళు చూసిన్రంటే నా నౌకరి పోతది” అన్నాడు. వెనకాలే అతని భార్య కాంతవ్వ ఎక్కివచ్చింది.

“నీ నౌకరి ఏడికి పోదు గానీ, గా పుల్లలు జర ఇటు నూకు” అని అతన్ని పక్కకు నెట్టి పొయ్యి ముందు కూర్చుంది. “గ్యాస్ ఖతమైందా అమ్మా?”

“లేదు కాంతవ్వా. ఈజిప్టులో మా ఆడపడుచుకి ఒక కుండ దొరికింది. రెండువేల ఏళ్ళ నాటిది. అందులో అన్నం ఎలా వండారో చూస్తున్నాను.”

కాంతవ్వ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసి, “రెండువేలేండ్ల సంది వండుతనే ఉన్నమా?” అని నిట్టూర్చింది. “మస్తు అలసట గదమ్మా.”

మా పక్క హాస్టల్లో కోచింగుకి వచ్చిన అమ్మాయిలు కిటికీల్లోంచి వాసన పీలుస్తున్నారు. ఒకమ్మాయి “ఆంటీ, మా అమ్మమ్మ ఇల్లు గుర్తొస్తోంది” అని అరిచింది.

మీ అన్నయ్య ఆ అన్నం రెండోసారి వడ్డించుకున్నారు.

చార పడుతోంది భావనా. నీ బొమ్మలోదాని కంటే సన్నగా, కానీ అలాగే ఒకవైపే. గంజి ఆరిన పొర మీద మసి నిలవక లేతగా దిగుతోంది. నిన్న దాన్ని వేలితో తడిమి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అంత దూరంలో, ఆ పాలరంగు నీళ్ళ పక్కన, ఎవరో ఒకావిడ మసిగుడ్డ పట్టుకుని ఇలాగే వంచి ఉంటుంది కదా. సముద్రం మీద ఊక కలిపిన కుండను ఒళ్ళో పెట్టుకుని వచ్చి ఉంటుంది. ఆవిడకు అక్కడ కరివేపాకు ఎవరు ఇచ్చారో.

మీ వదిన


ఎర్రసముద్రం ఒడ్డు
డిసెంబరు 15

వదినా,

నీ ఉత్తరం చదివి గుడారంలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. ఏడ్చాను కూడా అనుకో. ఆవిడ. అవును, ఆవిడ. నువ్వు ఆ మాట రాసినప్పటి నుంచి నాకు ఆవిడ కనిపిస్తోంది. పొద్దున ఇసుక మీద గాలి గీతలు గీస్తుంటే చీర కుచ్చిళ్ళు ఈడ్చిన జాడ అనిపిస్తుంది. పని అయ్యాక ఒడ్డుకు వెళ్తే, నాకంటే ముందే ఆవిడ వచ్చి కూర్చుని ఉన్నట్టు ఉంటుంది. మొన్న కలలో ఉల్లిపాయ అప్పు అడిగింది. నా దగ్గర ఉన్నవి ఇచ్చాను.

మా డైరెక్టరుకు చెప్పాను. ఇక్కడ మన తీరం నుంచి వచ్చినవాళ్ళ కాపురం ఉండేదని, ఒక స్త్రీ ఇక్కడ ఇల్లు నడిపిందని, నివేదికలో ఒక అధ్యాయం రాస్తానని. ఆయన గడ్డం గోక్కుని, “రాయండి, చూద్దాం” అన్నారు.

ఇంకో సంగతి. ఇది నీకే చెబుతున్నాను. నన్ను ఇక్కడే ఉండమంటున్నారు. ఈ తీరంలో దొరికే కుండలన్నీ చూసుకునే పని, మూడేళ్ళు. మార్చి ఆఖరులోగా జవాబివ్వాలి. ఇరవై ఏళ్ళు కాలేజీలో ఎవరివో పాఠాలు చెప్పాను వదినా. ఈ బల్ల ముందు కూర్చున్నప్పుడే నా పని నేను చేస్తున్నట్టుంది. కానీ అన్నయ్య నాతో మాట్లాడకుండా ఉంటే మూడేళ్ళు ఇక్కడ ఉండలేను. వచ్చేస్తాను. ఆయన నోటితో ఉండమనాలి. అంటారా?

అందుకే ఆవిడ నాకు కావాలి. అక్కడ నీకెవరున్నారు అని అడిగారు కదా. చూడు అన్నయ్యా, నాకంటే ముందు ఇక్కడ ఒకావిడ ఇల్లు కట్టుకుని అన్నం వార్చింది అని చూపించాలి.

ఒక్క చిక్కు ఉంది. ఆ కుండ ముక్కలు ఇంకొన్ని దొరికాయి, అతికించాను. చార ఒకవైపే లేదు. ఎదురుగా రెండోవైపు కూడా ఉంది, కొత్త బొమ్మ ఇందులో పెట్టాను. ఎందుకు?

భావన


అమీర్‌పేట
జనవరి 6

చి. భావనకు,

రెండు చారలకు నాకు తోచింది ఇది. ఆవిడకు ఒక కూతురు ఉండి ఉంటుంది. తల్లి ఒకవైపు వంచేది. పిల్ల ఎడంచేతి వాటం, ఇంకోవైపు వంచేది. లేదా కొత్తగా నేర్చుకుంటూ ఉండేది. రాస్తుంటేనే ఇద్దరూ కనిపిస్తున్నారు నాకు. పిల్లకు పదేళ్ళు ఉంటాయి. ఓడలు వచ్చినప్పుడల్లా ఒడ్డుకు పరుగెత్తేది.

నిన్న మధ్యాహ్నం టెర్రస్ మీద అన్నం ఉడుకుతుంటే కునుకు పట్టింది. పైనుంచి మెట్రో వెళ్ళిన ఊపుకు చాపలు విప్పిన ఓడ చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిస్తే కాంతవ్వ కుండ మూత తీసి చూస్తూ, “ఉడికింది అమ్మా, ఏడ తిరిగొస్తున్నవ్?” అంది.

ఉద్యోగం సంగతి మీ అన్నయ్యకు చెప్పాను. నువ్వు నాకే అని రాశావు, అయినా చెప్పాను. నీ పనికి ఆయన మాట కావాలంటే ఆయనకు తెలియాలి కదా. పేపరు దించలేదు. దాని వెనక నుంచే, “మూడేళ్ళా?” అన్నారు. ఆ పేజీ మాత్రం తిప్పలేదు.

నా మాట అడగలేదు నువ్వు. అడగకపోయినా చెబుతాను. ఉండు.

మీ వదిన


ఎర్రసముద్రం ఒడ్డు
జనవరి 27

వదినా,

ఆవిడ లేదు.

కుండ దొరికినచోట ఇంకా కిందికి తవ్వారు. అదంతా ఓడలవాళ్ళు పారేసిన చెత్తకుప్ప. తాళ్ళు, తెరచాప తాళ్ళు దూర్చే కొమ్ము రింగులు, విరిగిన టేకు చెక్కలు. మన కుండల ముక్కలన్నీ వాటి మధ్యే ఉన్నాయి. గోడ లేదు, గడప లేదు. ఒక చేతిగాజు ముక్క లేదు, కదురు లేదు, దువ్వెన లేదు. ఆడవాళ్ళు ఉన్నచోట ఏదో ఒకటి మిగులుతుంది. ఇక్కడ ఏదీ మిగల్లేదు.

వాళ్ళు ఓడ మీద పని చేసే మగవాళ్ళు వదినా. చలికాలపు గాలి పట్టుకుని మన వైపు నుంచి వచ్చేవారు. తిరిగి వెళ్ళాలంటే గాలి అటు తిరగాలి. ఇక్కడి వేసవి నడిమిదాకా, అంటే జూలై దాకా, తిరగదు. అందాకా ఈ ఇసుకలో పడి ఉండేవారు. డైరెక్టరు మంచిగానే చెప్పారు, “కాపురం” అన్న మాట తీసెయ్యమని. తీసేశాను. అధ్యాయంలో ఇంక పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఒడ్డుకు వెళ్ళడం మానేశాను. ఎవరూ కూర్చుని ఉండరు కదా.

అన్నయ్య అన్నదే నిజమేమో. ఇది ఇల్లు ఉండే చోటు కాదు. మార్చి దాకా ఎందుకు, ఇప్పుడే ఉండనని రాసిచ్చేసి వద్దామనిపిస్తోంది.

భావన


అమీర్‌పేట
ఫిబ్రవరి 16

చి. భావనకు,

ఈ అక్షరాలు నీకు తెలిసినవే. నీ ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం పెట్టిన చెయ్యి ఇది. కంగారుపడకు. చెయ్యి మీ అన్నయ్యది, మాట నాది. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నారు. తన తరఫున ఒక్క మాట కలపనని ముందే చెప్పారు. అది కూడా రాయండి అన్నాను. రాశారు.

టెర్రస్ మెట్ల మీద గంజి ఒలికింది, దాని మీదే కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. పంజాగుట్ట ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎలా పడ్డారమ్మా అని డాక్టరు అడిగితే, గంజి వార్చి దిగుతూ అన్నాను. డాక్టరు మీ అన్నయ్య వైపు అదోలా చూశాడు, ఈ రోజుల్లో కూడా ఇంట్లో కుక్కరు కొనివ్వని మొగుడు ఉంటాడా అన్నట్టు. (ఇది అనవసరం అంటున్నారు. అవసరమే అన్నాను.)

ప్రయోగం ఆగకూడదు కదా. మధ్యలో మానేస్తే మసి పొర తేడా వచ్చేస్తుంది, ఇన్నాళ్ళ ఫొటోలు దండగ అవుతాయి. ఆ మాటే ఆయనతో అన్నాను. బ్యాంకు మనిషి, మొదలుపెట్టిన వరసలో ఖాళీ వదలడం ఆయనకు పడదు. మర్నాడు లుంగీ ఎగ్గట్టి టెర్రస్ ఎక్కారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో పొయ్యి ముందు ఆయన్ని చూడడం అదే మొదలు.

నేను కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. కాంతవ్వ పక్కన నిలబడింది. “సారూ, మూత బిగ్గ పట్టున్రి, లేకుంటే బువ్వంతా గంజిల పోతది.” ఆయన బిగ్గా పట్టుకోలేదు. అన్నమంతా పళ్ళెంలో పడింది. ఆయన చాలా సీరియస్‌గా, “ఇది కూడా ప్రయోగంలో భాగమేనా?” అని అడిగారు. కాంతవ్వ గోడ పట్టుకుని నవ్వింది. ఐలయ్య కిందనుంచి “ఏమైందే?” అని అరిస్తే, “ఏం గాలే, నీకు సుత రేపట్నుంచి నేర్పిస్త” అంది.

రెండోరోజు అన్నం నిలిచింది. కానీ వేడికి భయపడి ఒకవైపు సగమే వంచారు. చెయ్యి కాలగానే దించేసి, కుండ చుట్టూ తిరిగి, అటువైపు నుంచి మిగతా సగం వంచారు. మూడోరోజూ అంతే. రోజూ అంతే. అది తప్పని నేను చెప్పలేదు. పోనీలే అనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఆవిడ లేదు అన్న మాట చదివి పైకి వెళ్ళి కుండ పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక చూశాను భావనా. కుండకు రెండువైపులా చారలు. నా పాత చార సన్నగా ఒకటి ఉంది. దాని మీద వెడల్పుగా, చిందరవందరగా ఒకటి, ఎదురుగా అలాంటిదే ఇంకొకటి. నీ రెండో బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. ఐలయ్యను పిలిచి చూపించాను, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమో అని. “రెండు ఒక్క తీర్గనే ఉన్నయమ్మా” అన్నాడు.

కుండ అనగానే నాకు చీరకొంగే కనిపించింది. పొయ్యి ముందు మగవాణ్ణి ఊహించడం నాకు చేతకాలేదు. పదేళ్ళ పిల్లను కూడా కల్పించాను గానీ, ఒక నావికుణ్ణి కల్పించలేకపోయాను. ఆ పొయ్యి ముందు ఉన్నది మీ అన్నయ్య లాంటివాడు. ఊళ్ళో ఏనాడూ వంటింట్లోకి రానివాడు. చెయ్యి కాలుతుంటే అటోసారి ఇటోసారి వంచినవాడు. ఎవరూ నేర్పకుండానే అన్నం తినాలనుకున్నవాడు.

ఇక్కడ మీ అన్నయ్య పెన్ను ఆపారు.

“అన్నాళ్ళు వాళ్ళు అక్కడ ఎందుకున్నారు?” అన్నారు.

“గాలి కోసం” అన్నాను.

“ఎప్పటిదాకా?”

“వేసవి నడిమిదాకా.”

“అక్కడ వాళ్ళకు...” అని ఆగిపోయారు. ఎవరున్నారు అనబోయి ఆగారని నాకు తెలిసింది. బయటికి చూస్తూ కూర్చున్నారు. మెట్రో ఒకటి వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. ఇదంతా రాయనన్నారు. రాయమన్నాను. ఇదిగో, రాశారు.

నువ్వు ఉండనని రాసిచ్చేయకు. గోడ లేదు, గడప లేదు అన్నావు. అన్నం ఉంది కదా. ఇంకొన్నాళ్ళు ఆగు.

మీ వదిన

జానకి చెయ్యి అతుక్కుంటోంది. నొప్పి తగ్గింది. కంగారుపడవద్దు.


ఎర్రసముద్రం ఒడ్డు
మార్చి 5

వదినా,

నీ సంతకం కింద చిన్నక్షరాలతో మూడు వాక్యాలున్నాయి. అవి నువ్వు చెప్పినవి కావు. నువ్వు “జానకి” అని చెప్పవు. నీకు తెలియకుండా రాసి ఉంటారు, లేదా నీ ముందే రాసి ఉంటారు. ఆ మూడు వాక్యాలు జేబులో పెట్టుకుని ఒడ్డుకు వెళ్ళాను. చాలా రోజుల తర్వాత వెళ్ళాను. ఈసారి అక్కడ ఆవిడ కాదు, నలుగురైదుగురు మగవాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నట్టు అనిపించింది. ఒకడు చెయ్యి ఊదుకుంటున్నాడు. పక్కవాడు నవ్వుతున్నాడు. ఎదురుగా నీళ్ళు కదలకుండా ఉన్నాయి, గాలి ఇంకా ఇటే వీస్తోంది. వాళ్ళకు తొందరేమీ లేనట్టుంది.

అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. “గాలి కోసం ఆగినవాళ్ళ వంట” అని పేరు పెట్టాను. డైరెక్టరు నువ్వు ఉత్తరంతో పంపిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచి చూశారు. చూసి, “ఈ మిస్టర్ కృష్ణమోహన్ మన తవ్వకాలకు చాలా ఉపయోగపడ్డారు” అన్నారు. అన్నయ్యకు చెప్పు. ఫొటోలు చాలవట, అసలు పెంకులతో పోల్చి చూడాలట. మీ కుండను పగలగొట్టి, చారలున్న రెండు భుజాల ముక్కలు పంపించగలవా? కడగకు. మసి ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఉద్యోగానికి జవాబు ఇంకా రాయలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఉండాలని ఉంది, వదినా. చాలా ఉంది. కానీ అన్నయ్య వద్దంటే వచ్చేస్తాను, దానికి బాధపడను. వద్దనడానికైనా నాతో మాట్లాడాలి కదా.

భావన


అమీర్‌పేట
మార్చి 17

చి. భావనకు,

కట్టు విప్పారు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, చెయ్యి ఇంకా నా మాట వినడం లేదు.

కుండ పగలగొట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. మీ అన్నయ్య రెండు రోజులు వాయిదా వేశారు. ఇవాళ వండేశాను కదా, రేపు చూద్దాం అన్నారు. రేపు కూడా వండారు. మూడోరోజు కాంతవ్వ, “సార్‌కు మనసొస్తలేదమ్మా. నేను కొట్టాల్నా?” అని రాయి పట్టుకుని తయారైంది. ఆయన కంగారుగా ఆ కుండను తువాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, పచ్చడిబండతో మెల్లగా తట్టారు. ఎలా తట్టారంటే, నిద్రపోతున్న పిల్లను లేపినట్టు. ఒక్క చప్పుడుతో విచ్చుకుంది. రెండు భుజాలూ చెక్కుచెదరకుండా వచ్చాయి.

కొరియరు ఆఫీసులో కుర్రాడు, “లోపల ఏముందమ్మా?” అన్నాడు.

“పగిలిన కుండ” అన్నాను.

“పంపకముందే పగిలిందా?” అని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. “మాకు పని లేకుండా చేశారు కదా.”

మీ డైరెక్టరు అన్న మాట మీ అన్నయ్యకు చెప్పాను. సాయంత్రం ఆ మాటే ఐలయ్యతో చెప్పడం విన్నాను. ఎర్రగడ్డ వెళ్ళి ఇంకో కుండ తెచ్చుకున్నారు. ప్రయోగం అయిపోయింది కదండీ అంటే, “దానికీ దీనికీ సంబంధం లేదు” అన్నారు.

పెట్టెలో రెండు పెద్ద పెంకులు దూదిలో చుట్టి ఉంటాయి. అవి నేను చుట్టాను. మూడోది చిన్నది, పాత పేపరులో చుట్టి ఉంటుంది. అది నేను చుట్టలేదు. అందులో ఏముందో చూడలేదు.

చూశాను. చెప్పను.

మీ వదిన


(నల్ల మార్కరుతో, కుండపెంకు లోపలివైపు)

అమీర్‌పేట

భావనా,
వదిన చెయ్యి బాగుంది. గంజి ఇంకా రెండువైపులా కారుతోంది. పెంకు చిన్నది, ఎక్కువ పట్టదు.
అక్కడే ఉండు. గాలి తిరిగాక రా. అన్నం నేను వారుస్తాను.
అన్నయ్య